కోడిపిల్లలకు కాకుల బెడద

పెరట్లో నూకలు చల్లగానే కోళ్ల కన్నా ముందు కాకులు వాలుతున్నాయా? మేత పోతే పోయింది, పిల్లనే తన్నుకుపోతే నష్టం రైతుకే. కాకులు, గద్దల భయం పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఎక్కువ. తల్లికోడి వెంట ఉంటే కొంత నయం. హేచరీ నుంచి తెచ్చిన వనరాజా పిల్లలకు ఆ కాపలా ఉండదు. కాబట్టి వాటిని 6 వారాలు సాకాకే బయటకు వదలాలి. అప్పటిదాకా పైన వల కప్పిన దడిలో ఉంచి, మేత, నీళ్లు లోపలే పెట్టాలి.

పెద్దకోళ్లకు ఉదయం, సాయంత్రం తినేంతే వేసి, మిగిలింది ఎత్తేయాలి. గుడ్లు రోజూ ఏరుకోవాలి. ఎంగిలి మెతుకులు, చేపల పొట్టలు పెరట్లో పారేస్తే కాకుల్ని పిలిచినట్లే. విషపు గింజలు మాత్రం చల్లొద్దు. వాటిని ముందు తినేది మన కోళ్లే!