జల్లెడ కొన్నాకే మట్టి

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. జేడ్ మొక్క ఆకులు పసుపు తిరిగి, మెత్తబడి, ముట్టుకుంటే రాలిపోతున్నాయంటే దానికి దాహం వేసి కాదు. దాహమైతే ఆకు ముడతలు పడి పలచబడుతుంది. ఇది వేళ్లు కుళ్లుతున్న లక్షణం. నీళ్లు వారానికి ఒక్కసారే పోస్తున్నానన్నావు, నమ్ముతాను. కానీ మధ్యలో నర్సరీ వాళ్లు కూరిన కొబ్బరి పొట్టు, దాని చుట్టూ నువ్వు నింపిన ఎర్రమట్టి చూస్తుంటే ఈ వానాకాలంలో వారానికి ఒక్కసారి కూడా ఎక్కువే అనిపిస్తోంది. ఏ మట్టి కొనమంటావని అడిగావు కదా, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు మట్టి కొనకు, జల్లెడలు కొను. పిండి జల్లెడ ఒకటి, శనగగింజ దూరేంత కన్నాలున్నది ఒకటి. వంటింట్లోవి మాత్రం ముట్టుకోకు, మీ అమ్మతో మాట పడాల్సి వస్తుంది. ఈ జాతి మొక్కలకు మట్టిలో బలం ఎంతుందన్నది తర్వాతి సంగతి. పలుకు ఎంత లావుందో అది ముందు చూడాలి.

ఎందుకో చెబుతాను. మందారానికి పొద్దున పోసిన నీళ్లను పగలంతా అదే పీల్చి ఆకుల్లోంచి ఆవిరిగా వదిలేస్తుంది, కుండీ ఆరిపోతుంది. జేడ్ అలా చెయ్యదు. నీళ్లు దొరకని నేలలో పుట్టింది కాబట్టి ఎండ వేళ ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అంటే కుండీని ఆరబెట్టడంలో మొక్క సాయం పెద్దగా ఉండదు. ఆ పని గాలీ ఎండా చూసుకోవాలి. సన్నటి మట్టిలో ఖాళీలన్నీ నీళ్లతో నిండి రోజుల తరబడి అలాగే ఉంటే వేళ్లకు ఊపిరాడదు. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో చూస్తే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేళ్లు నీరసించాక పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు వచ్చి మిగతా పని కానిస్తాయి.

జేడ్ పుట్టిల్లు దక్షిణాఫ్రికా రాతి గుట్టలు. నీ దగ్గరున్న ఎచెవేరియా బంధువులు చాలావరకు మెక్సికో కొండల్లో రాతి పగుళ్లు పట్టుకుని బతుకుతారు. అంతదూరం ఎందుకు, రాయలసీమ గుట్టల మీద కుందేటికొమ్ములు ఎక్కడ మొలుస్తాయో చూడు. గరుసు నేల, రాళ్ల సందు, పక్కనే ఏదో ముళ్లపొద నీడ. అక్కడి మట్టి పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూడు, రాతి పలుకులే ఎక్కువ కనిపిస్తాయి. మా గోదావరి ఒండ్రులో గులాబీ విరగబూస్తుంది, జేడ్ కుళ్లిపోతుంది. నల్లరేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులోని బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కంటే సన్నం. తడిస్తే ఉబ్బి ఖాళీలు మూసేస్తుంది, ఎండితే బీటలువారి సన్నటి వేళ్లను తెంపేస్తుంది.

ఉన్న మట్టిలోనే కాస్త ఇసుక కలిపితే సరిపోదా అంటావు. అందరూ అదే అంటారు. బంకమట్టిలో సన్న ఇసుక కలపడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతే. ఇసుక రేణువుల సందుల్లో బంకమట్టి చేరి, ఎండాక మొత్తం అచ్చుపోసిన దిమ్మెలా గట్టిపడుతుంది. ప్లాస్టరింగు ఇసుక అసలు వద్దు. విశాఖలో ఉన్న మీ అత్తయ్య బీచి ఇసుక తెస్తానంటే అదీ వద్దను, ఉప్పు.

మరేం వాడాలి? నా ఓటు ఇటుకకే. బాగా కాలిన నాటు ఇటుకలు రెండు తీసుకుని ఒకదానికొకటి తాటించు, ఖంగుమనాలి. ఒక ముక్క రాత్రంతా నీళ్లలో వేసి ఉంచు. పొద్దునకి గోటితో గీస్తే బురదలా వస్తే అది కాలని ఇటుక, పనికిరాదు. బూడిద ఇటుకలు తేకు, వాటిలో సున్నమో సిమెంటో ఉంటుంది. మంచి ఇటుకను గోనెసంచిలో పెట్టి సుత్తితో కొట్టు, ముక్కలు కళ్లలోకి ఎగరవు. కొట్టినదాన్ని పెద్ద జల్లెడలో పోసి, కిందకి దిగినదాన్ని పిండి జల్లెడలో పొయ్యి. దాని మీద నిలిచిన పలుకులు నీకు కావలసినవి. అడుగున రాలిన ఎర్రపొడిని చూస్తే పారెయ్యబుద్ధి కాదు, కానీ పారెయ్. పలుకుల మధ్య దారులు మూసేది ఆ పొడే. ఇటుక పలుకు తన సన్నటి రంధ్రాల్లో కాస్త నీటిని దాచుకుంటుంది, పలుకుకీ పలుకుకీ మధ్య మాత్రం గాలి నిలుస్తుంది. ఇంత చవగ్గా ఈ రెండు పనులూ చేసే వస్తువు మన ఊళ్లలో ఇంకొకటి లేదు.

మీ వీధిలో ఇల్లు కడుతుంటే అడిగి రోబో ఇసుక తెచ్చుకో. అందులో రాతిపొడి ఎక్కువ. అదే జల్లెడ పట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడుగు. పెర్లైట్ మంచిదే, కాకపోతే నీళ్లు పోసిన ప్రతిసారీ పైకి తేలుతుంది. తేలిక కాబట్టి జేడ్ లాంటి తలబరువు మొక్క ఒరిగిపోతుంది కూడా. దాని పక్కనే అమ్మే వర్మిక్యులైట్‌ను పొరపాటున తేకు, అది నీళ్లు పట్టి ఉంచేది. బొగ్గు విషాన్ని లాగేస్తుందని చెప్పేవాళ్లను నమ్మకు, అదీ ఒక పలుకే. ఇక "కాక్టస్ మట్టి" అని రంగుల సంచుల్లో వచ్చేది, నేను విప్పి చూసినంతవరకు, సగానికి పైగా కొబ్బరి పొట్టే.

పాళ్లు గిన్నె కొలతలో రాసుకో. రెండు గిన్నెలు ఇటుక పలుకులు, ఒకటి కడిగిన బరక ఇసుక, ఒకటి జల్లించిన ఎర్రమట్టి, అర గిన్నె వర్మీ కంపోస్టు. అంతకు మించి ఎరువెయ్యకు, మొక్క సాగిపోయి మెత్తబడుతుంది. ఇది హైదరాబాదులో గాలి ఆడే మీ ఆరో అంతస్తు బాల్కనీకి. కాకినాడ, విశాఖ ఉక్కకైతే ఎర్రమట్టి సగం తగ్గించి ఇటుక పెంచాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో ఇంకాస్త మట్టి కలిపినా ఫర్వాలేదు. నీళ్లు పోయడానికి చెయ్యి దురద పెట్టేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ఇటుకే ఎక్కువ వేసుకోవాలి. నువ్వు ఆ కోవకు చెందుతావో లేదో నీకే తెలుసు.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు పోతాయని మీ పక్కింటావిడ చెప్పిందన్నావు. ఆవిడతో వాదించకు గానీ, గిన్నెలు తోమే కొత్త స్పాంజి తీసుకుని తడిపి, పిండకుండా అడ్డంగా పట్టుకో. కారడం ఆగాక నిలువుగా తిప్పు, మళ్లీ నీళ్లు కారతాయి. ఎంత కారినా స్పాంజి అడుగున కొంత తడి మిగిలే ఉంటుంది. కుండీలో మట్టీ అంతే. ఆ తడి పొర ఎంత ఎత్తున నిలుస్తుందో తేల్చేది పలుకు సైజు. కింద గులకరాళ్లు వేస్తే ఆ పొర పోదు, వాటి మీదికి, అంటే వేళ్లకు మరింత దగ్గరగా జరుగుతుంది. కన్నం మీద ఒక్క పెంకు చాలు. పళ్లెంలాంటి వెడల్పు కుండీల్లో ఆ పొర నేరుగా వేళ్లకే తగులుతుంది, అందుకే నాకవి నచ్చవు. కన్నమే లేని పింగాణీ కప్పులో పెట్టిన ఎచెవేరియాను ఈ ఉత్తరం చదివిన రోజే మార్చు.

ఇప్పుడు జేడ్ సంగతి. కుండీలోంచి తీసి, వేళ్ల చుట్టూ ఉన్న పొట్టంతా విదిలించు. నల్లబడి జారుతున్న వేళ్లను గట్టి భాగం కనిపించేదాకా శుభ్రమైన కత్తెరతో కత్తిరించు. రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మిశ్రమంలోనే నాటు. వారం దాకా చుక్క నీరు పోయకు. ఆ తర్వాత పోసేటప్పుడు కన్నంలోంచి కారేలా నిండుగా పొయ్యి, మళ్లీ అగరుబత్తి పుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే పొడిగా వచ్చేదాకా ఆగు. పోసిన నీళ్లు పైన నిలవకుండా చూస్తుండగానే దిగిపోతే నీ మిశ్రమం కుదిరినట్టే. పైన చెరువులా నిలిస్తే పొడి మిగిలిపోయింది, ఇంకోసారి జల్లించు.

ఫొటోల్లోని హవోర్తియా మొక్క బాగానే ఉంది, వానలు తగ్గేదాకా దాన్ని కదపకు.

ఇట్లు
మీ పెద్దనాన్న