పంది మాంసమును, గసికయును

ధ్యానభాగము: రోమా 14వ అధ్యాయము



బి.కొత్తకోట వైపున గాని మదనపల్లె వైపున గాని ఒక పెండ్లి విందుకు పంది కూర వండవచ్చునా అని సంఘములో ప్రశ్న వచ్చెనేని, ఒకరు లేవీయకాండము 11వ అధ్యాయము తెరచెదరు. మరియొకరు అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము తెరచెదరు. ఇద్దరి చేతిలోను ఒకే గ్రంథము గదా!

పందికి డెక్కలు చీలియున్నను అది నెమరు వేయదు గనుక ఇశ్రాయేలీయులకు నిషిద్ధమాయెను. తప్పిపోయిన కుమారుడు పందులను మేపవలసి వచ్చెనని ప్రభువు చెప్పినప్పుడు విన్న యూదులకు ఒళ్లు జలదరించియుండును. అయితే మార్కు 7వ అధ్యాయములో, లోపలికి పోవునది కాదు, హృదయములోనుండి బయలుదేరునదే మనుష్యుని అపవిత్రపరచునని ఆయన బోధించెను. యొప్పేలో మిద్దెమీద పేతురు చూచిన దర్శనము మాంసమును గూర్చినదానికంటె కొర్నేలీ యింటిని గూర్చినదే యెక్కువ అని నా తలంపు.

లోకములో ఈ మాంసమును అనేక విధములుగా వండుదురు. గోవా క్రైస్తవులు వినిగరు, వెల్లుల్లి వేసి విండాలూ చేయుదురు. నాగాలాండు బాప్టిస్టులు వెదురు మొలకలతో ఉడికింతురు. కొడగువారు కాచంపులి యను పుల్లని రసము పోయుదురు. ఇటలీలోని పార్మాలో పంది తొడకు ఉప్పు మాత్రమే పట్టించి ఏడాదికి పైగా ఆరబెట్టుదురు. జర్మనీలో పచ్చి కైమానే రొట్టెమీద పూసికొని తినువారు కలరు. మనము దీనిని అనుకరింపరాదు. అక్కడ పందులను దొడ్లలో మూసి పెంచి, కోసిన మాంసమును పరీక్షింతురు. మన ఊళ్లలో అనేకమైన పందులు వీధులలోను పెంటలలోను తిరుగును.

బద్దెపురుగు సంగతి ఇక్కడనే యున్నది. ఆ పురుగు కడుపులోనున్న మనిషి బయలులో మలవిసర్జన చేసిన చోట పంది తినగా, దాని కండలో పురుగు పిల్లలు తెల్లని బుడిపెలై నిలుచును. సరిగా ఉడకని ఆ మాంసము తిన్నవాని కడుపులో పురుగు పెరుగును. వాని మలములోని గ్రుడ్లు కడుగని చేతులవలనను, పచ్చి కూరలవలనను, నీటివలనను మరియొకని నోటిలోనికి పోయెనా, అవి మెదడు చేరి మూర్ఛలు పుట్టించును. ఆ మరియొకడు జన్మలో పంది మాంసము ముట్టనివాడైనను సరే! వేలూరు క్రైస్తవ ఆసుపత్రి వైద్యులు ఈ వ్యాధిని చాలకాలముగా పరిశోధించిరి. మూర్ఛ వచ్చిన బిడ్డకు దయ్యము పట్టినదని ఊరక కూర్చుండరాదు. ప్రార్థించుడి, ఆసుపత్రికిని తీసికొనిపోవుడి, మందులున్నవి.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో మరియొక ఆజ్ఞ యున్నది. పాళెము వెలుపలికి పోయి, గసికతో త్రవ్వి, మలమును కప్పివేయవలెను. పందిని గూర్చి వాదించువారు ఈ గసికను గూర్చి ఏల మాటలాడరు? తినువాడు తిననివానిని తృణీకరింపరాదని పౌలు వ్రాసెను. మరుగుదొడ్డి లేని తినువాడు తిననివాని బిడ్డకే మూర్ఛ తెచ్చిపెట్టవచ్చును.

ఇక వండువారికి. కండలో బియ్యపు గింజలవంటి తెల్లని బుడిపెలు కనబడిన మాంసము కొనవద్దు. ముక్కలు చిన్నవిగా కోసి, నడుమ ఎరుపు లేకుండ బాగుగా ఉడికించి, ఆ తరువాతనే వేపుడు చేయుడి. కత్తిని, పలకను, చేతులను సబ్బుతో కడుగుడి. సంఘ విందైతే, తిననివారి సంగటికి పప్పు వేరు కుండలో, వేరు గరిటెతో ముందుగానే సిద్ధపరచి, వారికే మొదట వడ్డించుడి.