చిన్న పట్టణములలో అంకుర సంస్థలు

క్రొత్త ఆలోచనతో చిన్నదిగా మొదలై, త్వరితముగ పెరుగుటకు వీలున్న వ్యాపారమును 'స్టార్టప్' అనుచున్నారు. తెలుగు పత్రికలు దీనిని 'అంకుర సంస్థ' యని వ్యవహరించుచున్నవి. ఇట్టి అంకురము మహానగరమున మాత్రమే మొలచునని పలువురి అభిప్రాయము. చదువుకొన్న యువకులు అందుచేతనే ఊరు విడిచి హైదరాబాదు, బెంగుళూరులకు పోవుచున్నారు. ఈ అభిప్రాయము ఎంతవరకు నిజమో విచారింతము.

తమిళనాడులోని తెన్‌కాశి చిన్న పట్టణము. జోహో అను సాఫ్ట్‌వేరు సంస్థ 2011లో ఆ ప్రాంతమున కార్యాలయము తెరచి, స్థానిక యువతకు పని నేర్పి నియమించుకొన్నది. దూరము అడ్డు కాదని దీనివలన తెలియుచున్నది. అయితే, అప్పటికే జోహో స్థిరపడిన సంస్థ. క్రొత్తగా ఆరంభించువారికి చిన్న పట్టణమున గల బలము వేరు. ప్రజల అవసరమును వారు దగ్గరనుండి చూడగలరు.

భీమవరమునే తీసికొందము. ఆ ప్రాంతమున రొయ్యల చెరువులు విస్తారము. నీటిలో కరగిన ప్రాణవాయువును రైతులు 'డి.ఓ.' అందురు. పగటి యెండలో నీటిలోని నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియు పీల్చుకొనును. కావున తెల్లవారుజామున డి.ఓ. మిక్కిలి తగ్గును. లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగువకు పోయినచో రొయ్యకు ముప్పు. ఆ వేళ ఏరియేటర్లు ఆగిపోయి, ఎవరును గమనింపనిచో, నెలల కష్టము ఒక్క రాత్రిలో నష్టమగును.

డి.ఓ. తగ్గగనే రైతు ఫోనునకు హెచ్చరిక పంపు పరికరములు నేడు కలవు. వానిని చెరువునకు తగినట్లు అమర్చవలెను. నాచు పట్టిన సెన్సారును శుభ్రపరచవలెను. చెడిన వెంటనే వచ్చి బాగుచేయవలెను. దూరపు నగరమున కూర్చున్నవారికి ఇది సాధ్యము కాదు.

ఇట్టి పనికి పూనుకొను యువకులకు మేము చెప్పునది ఒక్కటే. ముందుగా నాలుగైదు చెరువులపై ఒక పంట కాలము పరీక్షింపుడు. రైతు తన డబ్బిచ్చి, మరుసటి పంటకును మిమ్ము పిలిచిననాడు విస్తరణను గూర్చి ఆలోచింపుడు. అంతకు ముందే తండ్రి పొలమును తాకట్టు పెట్టవలదు.

కేంద్ర ప్రభుత్వము 2016లో 'స్టార్టప్ ఇండియా' కార్యక్రమమును ప్రారంభించినది. అందలి గుర్తింపునకు రుసుము లేదు. పల్లెనుండియే ఇంటర్నెట్ ద్వారా దరఖాస్తు చేయవచ్చును. కాని వ్యక్తి పేర గాక, కంపెనీ వంటి నమోదైన సంస్థ పేర చేయవలెను. గుర్తింపు వేరు, పెట్టుబడి వేరు అని మరువరాదు.

మీ ఊరివారు 'ఇది మామూలే' యని సహించుచున్న కష్టమేదో నేడే గమనింపుడు. మీ అంకురమునకు తగిన నేల అదియే.