ప్రళయం తర్వాత అన్నం ఎవరిది?

మలంచా, ఖరగ్‌పూర్

చిరంజీవి చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

 

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. లోకం అంతమైపోయాక మిగిలినవాళ్లు ఎలా బతికారో చూపే సినిమాల మీద కాలేజీలో వ్యాసం రాయమన్నారనీ, నువ్వు ‘కల్కి 2898 ఏడీ’ ఎంచుకున్నావనీ చెప్పావు. పాడుబడ్డ నగరం, నీళ్ల కరువు, ఎవరినీ పట్టించుకోని ఒంటరి వీరుడు, కాపాడాల్సిన ఒక ప్రాణం, ఎక్కడో దాగి ఉన్న ఆశ్రయం అంటూ జాబితా కూడా చదివి వినిపించావు. “ఇవన్నీ బయటి సినిమాల్లోనూ ఉన్నవే కదా తాతయ్యా, ఇంక నేను కొత్తగా రాసేదేముంది?” అన్నావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే తెల్లవారగానే కలం పట్టాను.

నీ జాబితా తప్పు కాదు తల్లీ. అయితే అది పట్టాల కొలత మాత్రమే. మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే బండికీ అదే కొలత, విశాఖ వెళ్లే బండికీ అదే. కొలత ఒకటైనంత మాత్రాన రెండు బళ్లూ ఒకే ఊరు చేరవు. బండి ఎటు పోతోందో పట్టాలు చీలే పాయింట్ల దగ్గర తెలుస్తుంది. సినిమాల్లో ఒక జాతికి ఏర్పడిన ఆనవాయితీలు కూడా అంతే. వాటిని గుర్తుపట్టడం మొదటి పని. ఈ దర్శకుడు ఏ పాయింటు దగ్గర పట్టా మార్చాడో కనిపెట్టడం అసలు పని.

ముందు ఆ పట్టాలు ఎవరెవరు వేశారో కాస్త తెలుసుకో. 1979లో జార్జ్ మిల్లర్ తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్’తో మొదలైన సినిమాల వరసతో ఎడారి రోడ్లూ, ఇంధనం కోసం చంపుకోవడాలూ, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఒంటరివాడూ జనం మనసులో నాటుకున్నారు. అదే వరసలో 2015లో వచ్చిన ‘ఫ్యూరీ రోడ్’లో నీళ్లన్నీ కొండమీది దొర చేతిలో ఉంటాయి. అతను కాసేపు వదిలితే కింద జనం కుండలు పట్టుకుని ఎగబడతారు. 2006 నాటి ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’లో లోకంలో పిల్లలు పుట్టడం మానేస్తారు, చివరికి ఒక గర్భిణిని కాపాడటమే కథ అవుతుంది. మనవాళ్లూ ఈ దారికి కొత్తవాళ్లు కారు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరానికి తీసుకెళ్లి, అణుయుద్ధం తర్వాత భూమి అడుగున తలదాచుకున్న మనుషులను చూపించారు. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’లో ఆ భయాన్ని కర్నూలు ఫ్యాక్షన్ పగల మధ్యకు తెచ్చాడు. కాబట్టి ‘కల్కి’లో పాత పోలికలు కనిపించాయని నొచ్చుకోకు. వాటిని దాచకుండా నీ వ్యాసం మొదట్లోనే చెప్పేయి. అప్పుడు మిగతా వ్యాసం నీది అవుతుంది.

ఇక నేను నీకు ఇవ్వగలిగిన మొదటి సలహా ఇది. ఇలాంటి సినిమా చూసేటప్పుడు లోకం ఎలా నాశనమైందన్న దాని మీద ఎక్కువ కాలం గడపకు. గోడ ఎక్కడుందో చూడు. గోడ లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు, అన్నం ఎటువైపు ఉడుకుతోంది అన్నది చూడు.

‘కల్కి’లో ఆ గోడ ఆకాశంలో ఉంది. కాశీ మీద తలకిందులు పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్ అది. గంగ ఎండిపోయింది. కింద జనం గాలికీ నీటికీ మొహం వాచి ఉంటే, పైన పచ్చదనం ఉంది, సముద్రతీరం ఉంది. కథానాయకుడు భైరవుడి ఆశ చూడు: పది లక్షల యూనిట్లు కూడబెట్టి ఆ పైకి వెళ్లిపోవాలి. గోడను కూల్చాలని అతనికి లేదు. గోడ లోపల తనకొక చోటు కావాలి. వీరుడి గురించి రాసేటప్పుడు ఈ సంగతి వదలకు. మన ఇళ్లలో చాలామంది ఆశ కూడా అదే కాబట్టి అతను మనకు దగ్గరివాడు అనిపిస్తాడు.

గోడ సంగతి నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదమ్మా. మన ఇంటి కథ నీకు ఇంతవరకూ పూర్తిగా ఎవరూ చెప్పలేదు. 1942 అక్టోబరు 16న మన మేదినీపూర్ జిల్లా తీరాన్ని పెద్ద తుపాను కొట్టింది. కాంథీ, తమ్లూక్ వైపు సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. మరుసటి ఏడు బెంగాల్ అంతటా కరువు. లక్షలకు లక్షలు చచ్చిపోయారు. అప్పటికి మా నాన్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనిచేస్తున్నారు. యుద్ధకాలం కనుక రైలు నడవాలి, రైలు నడవాలంటే రైల్వేవాడు తినాలి. అందుకని రైల్వే దుకాణంలో మనవాళ్లకు బియ్యం దొరికేవి. ఆ బియ్యం పండించిన పల్లెలవాళ్లు మాత్రం రేకుడబ్బాలు పట్టుకుని క్వార్టర్ల గుమ్మాల్లోకి వచ్చేవారు. అన్నం అడగడానికి వాళ్లకు నోరు రాలేదు. “ఫ్యాన్ దావ్ మా” అనేవారట. ఫ్యాన్ అంటే గంజి.

మా అమ్మ రోజూ అన్నం వార్చి, గంజిలో ఉప్పు వేసి పోసేది. తర్వాత తలుపు గడియ పెట్టేది. “మనం తినేది వాళ్లకు కనబడకూడదు కదరా” అనేది నాతో, ఎన్నో ఏళ్ల తర్వాత కూడా గొంతు తగ్గించి. మా అమ్మ దుర్మార్గురాలు కాదు, నీకు తెలుసు. అయినా ఆ గడియ చప్పుడు చనిపోయేదాకా ఆమెను వదలలేదు. ప్రళయం అందరి ఇళ్లకూ ఒకే రోజున రాదు తల్లీ. ఒకరి ఇంట్లో అది వచ్చి కూర్చున్నప్పుడు పక్కింట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కాంప్లెక్స్‌ను తెరమీద చూసినప్పుడు నాకు మా అమ్మ వేసిన గడియ కనిపించింది.

అందుకే నీ వ్యాసం రాసే ముందు సత్యజిత్ రాయ్ తీసిన ‘అశని సంకేత్’ తప్పక చూడు. 1973లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. అదే 1943 కరువు కథ. అందులో కూలిన మేడలు ఉండవు, బూడిద ఆకాశం ఉండదు. పొలాలు పచ్చగా, సీతాకోకచిలుకలు ఎగురుతూ ఉంటాయి. ఆ పచ్చదనంలోనే మనుషులు ఆకలితో పడిపోతారు. యుద్ధం ఎక్కడో జరుగుతుంది, బియ్యం ఇక్కడ మాయమవుతాయి. శిథిలాలు లేకుండానే లోకం అంతం కాగలదని ఆ సినిమా చెప్పింది. దాన్నీ ‘కల్కి’నీ పక్కపక్కన పెట్టి చూస్తే, కూలిన నగరం అనే ఆనవాయితీ దేన్ని చూపిస్తుందో, దేన్ని చూడనివ్వదో నీకే తెలుస్తుంది.

రెండో సంగతి, పని. ఈ జాతి సినిమాల్లో అందరూ పోట్లాడతారు, పారిపోతారు. పనిచేసేవాడు తక్కువ కనిపిస్తాడు. ఏళ్లతరబడి వర్క్‌షాపులో టర్నరుగా చేసినవాణ్ణి కనుక నా కళ్లు వాడి కోసమే వెతుకుతాయి. ఆ లెక్కన నాకు బాగా నచ్చినది 2013లో బాంగ్ జూన్-హో తీసిన ‘స్నోపియర్సర్’. లోకమంతా గడ్డకట్టుకుపోతే మిగిలినవాళ్లు ఆగని రైల్లో తిరుగుతుంటారు. తోకపెట్టెల్లో పేదలు, ముందుపెట్టెల్లో భోగులు, అందరికీ ముందు ఇంజను. చివరికి ఇంజను దగ్గరికి చేరితే, అరిగిపోయిన ఒక భాగం బదులు అక్కడ చిన్నపిల్లవాడు కూర్చుని చేతులతో పని చేస్తుంటాడు. ఆ భాగం ఇంక దొరకదట.

ఆ సన్నివేశం దగ్గర నేను లేచి నిలబడ్డాను. మా షాపులో భాగం దొరక్కపోతే డ్రాయింగు తీసుకుని లేతు మీద కొత్తది చేసేవాళ్లం. ఒక్కోసారి డ్రాయింగు కూడా ఉండేది కాదు, అరిగిన ముక్కనే కొలిచి చేసేవాళ్లం. ఆ రైల్లో ఇంజనును దేవుడిగా కొలిచేవాళ్లున్నారు, దానికి కాపలా కాసేవాళ్లున్నారు, కొత్త భాగం చేయగల చేతులు లేవు. చేసే చేతులను తోకపెట్టెలో పడేసిన లోకం చివరికి పిల్లలను తింటుంది. నేను ఆ సినిమా నుంచి నేర్చుకున్నది ఇది. ఏ విమర్శకుడో చెప్పింది కాదు, నా లేతు చెప్పింది. నీ వ్యాసానికి కూడా ఇలా నీకంటూ తెలిసినదేదో ఒకటి కావాలి.

2020 మార్చి నీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌తో ప్రయాణికుల బళ్లన్నీ ఆగిపోయాయి. వెయ్యి మీటర్లు దాటిన మన ప్లాట్‌ఫారం, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకున్నది, మనిషి లేకుండా పడి ఉంది. అచ్చం సినిమాలాగే. గూడ్సు బళ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. రాత్రి కూత వినబడితే మీ అమ్మమ్మ “బియ్యం వెళ్తున్నాయి” అని అటు తిరిగి పడుకునేది. ఖాళీ ప్లాట్‌ఫారాన్ని ఏ కెమెరా అయినా తీస్తుంది. ఆ గూడ్సు నడిపినవాణ్ణి ఎవరు తీశారో వెతుకు.

ఇప్పుడు ‘కల్కి’ దర్శకుడు నాగ్ అశ్విన్ పట్టా మార్చిన చోటు చెబుతాను. ఈ జాతి సినిమాల్లో చాలావాటిలో బతికి ఉండటమే గెలుపు. చివర్లో ప్రాణాలతో మిగిలినవాడే వీరుడు. ‘కల్కి’లో అందరికంటే ఎక్కువ కాలం బతికినవాడు అశ్వత్థామ. అతనికి బతుకు శాపం. భారతం సౌప్తిక పర్వంలో అతను నిద్రపోతున్నవాళ్లను చంపాడు, ఆపైన ఉత్తర గర్భంలోని పసికందు మీదికి అస్త్రం వేశాడు. కృష్ణుడు అతనికి మరణం విధించలేదు, గాయాలతో తిరుగుతూ బతకమన్నాడు. వేల ఏళ్లు గడిచాక సినిమాలో అతనే సుమతి అనే ఆమె గర్భానికి కాపలా నిలుస్తాడు. ఒకప్పుడు ఏ గర్భాన్ని చంపబోయాడో, అలాంటి గర్భానికే ఇప్పుడు తన ఒళ్లు అడ్డం పెడతాడు.

గర్భిణిని కాపాడటం ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’లోనూ ఉంది. కాపాడేవాడు ఒకప్పుడు భ్రూణహత్యకు పూనుకున్నవాడు కావడం మాత్రం మన భారతం ఇచ్చింది. మన లెక్కలో యుగం ముగిస్తే మరో యుగం మొదలవుతుంది గనుక, ఎంతకాలం బతికావన్న ప్రశ్న చిన్నదైపోయి, రాబోయేదాన్ని ఎవరు కాచారన్న ప్రశ్న మిగులుతుంది. ‘అశని సంకేత్’ చివర కూడా చూడు. తమకే తిండి లేని దంపతులు ఆకలితో వచ్చిన కుటుంబాన్ని పొమ్మనలేకపోతారు. ఆ ఇల్లాలి కడుపులోనూ ఒక బిడ్డ ఉంది. అర్ధశతాబ్దం తేడాతో, ఒకటి పల్లెలో, ఒకటి 2898లో, రెండు సినిమాలూ ఒకే గుమ్మం దగ్గరకు వచ్చాయి.

మెచ్చుకోవడంతో ఆపేయకు. లోపం కనబడితే అదీ రాయి. ‘కల్కి’లో పోరాటాలకు ఇచ్చిన సమయం కాశీ వీధుల ఆకలికి ఇవ్వలేదని నా అభిప్రాయం. కింద జనం ఏం తింటున్నారు, నీళ్లు ఎలా పంచుకుంటున్నారు అన్నది ఇంకాస్త తెలిసి ఉంటే భైరవుడి స్వార్థం మనకు ఇంకా గుచ్చుకునేది. మన పక్కింటి బెంగాలీవాళ్లు శాశ్వత ఛటర్జీ కమాండర్ మానస్‌గా వచ్చినప్పుడల్లా సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. సంబరపడ్డ సినిమాలో లోటు చెప్పడం ద్రోహం కాదు, దాన్ని గౌరవించడమే.

రాసే పద్ధతి గురించి నాలుగు మాటలు. సినిమా రెండుసార్లు చూడు. మొదటిసారి పుస్తకం పక్కన పెట్టి, మనసుపెట్టి చూడు. రెండోసారి ఒక్కో సన్నివేశంలో నీళ్లు, తిండి, తలుపు ఎవరి చేతిలో ఉన్నాయో రాసుకో. పది సన్నివేశాలను పైపైన తాకకుండా ఒక్కదాన్ని పట్టుకుని, కెమెరా ఎక్కడ నిలబడింది, ఎవరి ముఖం చూపింది, ఎవరిని చీకట్లో వదిలింది అన్నది వివరంగా రాయి. ఇతివృత్తం అని పెద్ద మాట రాసిన ప్రతిచోటా దానికి సాక్ష్యంగా ఒక సన్నివేశం ఉండాలి. లేకపోతే ఆ మాట కొట్టేయి.

మా అమ్మ గంజి కథ నీ వ్యాసంలో వాడుకో, నాకు సమ్మతమే. గడియ సంగతి కూడా రాయి. దాచిపెడితే మా అమ్మ ఇన్నేళ్లు మోసిన బాధకు అర్థం ఉండదు.

ఉత్తరం మొదట్లో నిన్ను చిరంజీవి అన్నాను. మన పెద్దలంతా అలాగే రాస్తారు, నేనూ అలవాటుగా రాశాను. ఇప్పుడు ఆలోచించి మళ్లీ అంటున్నాను: నిండు నూరేళ్లు బతుకు తల్లీ, నీ గుమ్మానికి గడియ పెట్టకుండా బతుకు.

వ్యాసం పూర్తయ్యాక ముందు నాకు పంపు.

ఇట్లు,
మీ తాతయ్య