ఫార్నిక్స్ : పదము – అర్థము – పుట్టుక

శరీర నిర్మాణ శాస్త్రము చదువు విద్యార్థిని మొదట భయపెట్టునవి లాటిన్ పదములు. అర్థ మెరుగక వల్లించిన పదము పరీక్షతోనే మరుపునకు వచ్చును. అర్థ మెరిగినచో ఆ అవయవపు ఆకారమే కన్నులకు కట్టును. ఇందుకు ‘ఫార్నిక్స్’ అను పదము మంచి ఉదాహరణము.

లాటిన్ భాషలో ఫార్నిక్స్ అనగా కమాను, లేక కమాను వలె వంగిన పైకప్పు. క్రీ.పూ. 121 ప్రాంతమున రోము నగరములో ఫేబియస్ అను సేనాని తన విజయమునకు గుర్తుగా నిర్మింపజేసిన తోరణమును ‘ఫార్నిక్స్ ఫేబియానస్’ అనిరి.

మనము వాడు ‘కమాను’ పారశీక పదము. ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినది. దాని మూలార్థము విల్లు. 1591లో నిర్మితమైన చార్మినారు నాలుగు ముఖములందును ఈ వింటి వంపును చూడవచ్చును. లాటిన్ ‘ఆర్కస్’కును, సంస్కృత ‘చాపము’నకును అర్థము విల్లే. కావుననే గుండె నుండి వెలువడు మహాధమని వంపును లాటిన్‌లో ఆర్కస్ అనియు, తెలుగు పాఠ్యగ్రంథములలో చాపము అనియు వ్యవహరింతురు. ఫార్నిక్స్ మాత్రము కట్టడముల నుండి వచ్చిన మాట.

శరీరమున ఈ పేరు గల భాగములు పెక్కు కలవు. కంటిరెప్ప లోపలి పొర కనుగ్రుడ్డు మీదికి మళ్ళుచోట నేర్పడు మడత ఒక ఫార్నిక్స్. క్రింది రెప్పను లాగి చుక్కల మందు వేయునది ఈ మడతలోనే.

మెదడునందలి ఫార్నిక్స్ మరింత ప్రసిద్ధము. ఇది హిప్పోకాంపస్ నుండి బయలుదేరి, పైకి లేచి, ముందునకు వంగి, మామిల్లరీ దేహములను చేరు నాడీతంతువుల కట్ట. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, ఇది కట్టడపు కమాను వలె పైనున్న మెదడు బరువును మోయుచున్నదని తలచెను. ఆకారమును బట్టి పనిని ఊహించుటచే కలిగిన పొరపాటిది. 1937లో జేమ్స్ పేపెజ్ భావోద్వేగములకు ఆధారమని ప్రతిపాదించిన నాడీవలయములో దీనిని చేర్చెను. ఇరువైపులా ఇది దెబ్బతినినచో క్రొత్త విషయములు జ్ఞాపకముండుట కష్టమగునని పిదప వైద్యులు గ్రహించిరి. ఇది మోయునది బరువు కాదు, జ్ఞాపకమునకు వలసిన సంకేతములు.

విద్యార్థులారా! పేరు రూపమును తెలుపును. పనిని పరిశీలనయే తెలుపవలెను. పదము యొక్క అర్థము నెరుగుడు, కాని అచ్చటనే ఆగిపోకుడు.