మూడో అంతస్తులో ఎర్తు

నార్కట్‌పల్లి

చి. కోడలికి,

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిందని, హైదరాబాదు ఫ్లాటులోనే స్టేషను పెట్టుకుంటున్నానని రాశావు. చదివి కడుపు నిండింది. ఎర్తు కోసం బాల్కనీలోంచి రాగి తీగ దింపి కింద రాడ్డు పాతిస్తానన్నావే, ఆ ఒక్కటి మాత్రం ఆపు బిడ్డా.

ఇక్కడ మన రేడియో బల్ల కిటికీ పక్కనే, కిటికీ కిందనే ఎర్తు గుంత. నాలుగడుగుల తీగతో పనైపోయింది. అయినా మనది చెల్క నేల, కిందంతా రాయి. ఎండాకాలం బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో కూడా బిందెడు నీళ్లు పోస్తూ ఉండాల్సిందే. నీ తీగ సంగతి వేరు. మూడో అంతస్తు నుంచి నేలకు పది మీటర్ల దాకా అవుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 42 మీటర్లు, అందులో దాదాపు నాలుగో వంతు నీ తీగ. కింది కొస నేలను ఎంత బాగా పట్టుకున్నా, పై కొస దగ్గర రేడియోకు ఎర్తు లేనట్టే. పైగా ఆ తీగే ఏరియల్ అయి కూర్చుంటుంది. ఒక మిత్రుడి మేడ మీద నేనూ అట్లనే చేసిన. మైకు దగ్గరకు తీసుకుని బటన్ నొక్కగానే పెదవి చురుక్కుమంది, చిన్న తెల్లటి మచ్చ పడింది.

నువ్వు డైపోల్ కట్టుకో. దాని రెండు రెక్కలు ఒకదానికొకటి తోడు, నేల అక్కర్లేదు. కేబుల్ ఏరియల్‌ను కలిసేచోట ఫెర్రైట్ రింగు మీద పది చుట్లు చుట్టు. ఒంటి తీగ ఏరియలే కుదిరితే, పదిన్నర మీటర్ల తీగ ఇంకొకటి గోడ వెంట పరిచి ట్యూనర్ ఎర్తు బోల్టుకు బిగించు. దాని అవతలి కొసలో వోల్టేజీ ఎక్కువ, టేపు చుట్టి ఎవరి చెయ్యీ తగలనిచోట పెట్టు.

ఇదంతా రేడియో కోసం. ప్రాణం కోసం ఉన్నది మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను, దాన్ని ఎప్పుడూ తీసెయ్యకు. సాకెట్లో ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. కొందరు ఎర్తు లేకపోతే న్యూట్రల్ నుంచి సాకెట్ ఎర్తుకు చిన్న తీగ ముక్క వేసి పోతారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే నీ రేడియో బాడీకంతా కరెంటే. ఒప్పుకోకు.

మబ్బు పట్టక ముందే ఏరియల్ కేబుల్, ప్లగ్గు రెండూ పీకెయ్, కేబుల్ కొస బాల్కనీ బయటే ఉండాలి. గ్యాసు పైపుకు మాత్రం ఏ తీగా కట్టకు.

కేబుల్ కోసం గోడకు రంధ్రం వేయించే ముందు సాకెట్ దగ్గర ఏం తేలిందో నాకు రాయి.

మీ మామయ్య