డోపమైన్ జమాఖర్చు: రెండు జబ్బుల మందులు, వాటి దుష్ఫలితాలు



మన ఇళ్ళలో తాతగారు, నాయనమ్మగారు తెలుగులో చెప్పుకునే బాధను డాక్టరుగారికి కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చేరవేసేది చాలాసార్లు చదువుకునే పిల్లలే. మందుచీటీ చదివేదీ వాళ్ళే. అందుకే ఈ పాఠం. నేను వైద్యుణ్ణి కాను, కామర్సు చదివి బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి. ఈ విషయం కూడా జమాఖర్చు లాంటిదే కనుక ఆ పద్ధతిలోనే చెబుతాను.

1. అసలు లెక్క

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. కదలికలు సాఫీగా సాగడానికి, ఉత్సాహానికి అది అవసరం. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం రిసర్పిన్ అనే మందు ఇవ్వగా కుందేళ్ళు కదలలేక పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే మళ్ళీ తిరగసాగాయి. ఆ రిసర్పిన్ మన సర్పగంధ వేరు నుండి తీసినదే. కార్ల్‌సన్‌కు 2000లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

పార్కిన్సన్ వ్యాధిలో డోపమైన్ తయారుచేసే కణాలు నశించి నిల్వ తగ్గుతుంది. లెవోడోపా మాత్ర ఆ ఖాతాకు జమ చేస్తుంది. లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానం వంటి మానసిక వ్యాధుల్లో మెదడులో కొన్నిచోట్ల డోపమైన్ పని మితిమీరుతుంది. యాంటీసైకోటిక్ మందులు దాన్ని అడ్డుకుంటాయి. అయితే మందు కావలసిన చోటికే వెళ్ళదు, మెదడంతా తిరుగుతుంది. అందుకే ఒక జబ్బు మందు రెండో జబ్బు లక్షణాలను తెచ్చిపెట్టవచ్చు.

2. యాంటీసైకోటిక్ మందులు

హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి వాటితో కొందరికి చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం, నడక మందగించడం కనిపిస్తుంది. యువకుల్లో మొదటి కొద్దిరోజుల్లోనే మెడ మెలితిరగడం, కనుగుడ్లు పైకి పోవడం జరగవచ్చు. చూసినవారు గాలి సోకిందనుకుంటారు. ఆసుపత్రిలో ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుంది. కుర్చీలో నిమిషం కూర్చోలేని అశాంతి కూడా మందువల్ల రావచ్చు, దాన్ని చదువు ఎగ్గొట్టే సాకు అనకండి. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి పెదవులు, నాలుక తమంతట తామే కదులుతాయి.

ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో వణుకు తక్కువ, కానీ బరువు, షుగరు పెరగవచ్చు. క్లోజపిన్ వాడేవారికి తెల్ల రక్తకణాల పరీక్ష తప్పనిసరి.

3. పార్కిన్సన్ మందులు

లెవోడోపాతో వికారం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, కొన్నేళ్ళకు ఒళ్ళు అదుపు లేకుండా ఊగడం, లేని మనుషులు కనిపించడం ఉండవచ్చు. ట్రైహెక్సీఫెనిడిల్‌తో నోరెండడం, మలబద్ధకం, పెద్దవారిలో మతి తడబాటు రావచ్చు.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్‌లతో ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది. కొందరికి జూదం మీద, అనవసరపు కొనుగోళ్ళ మీద ఆపుకోలేని కోరిక పుడుతుంది. పైసా పైసా కూడబెట్టిన తాతగారి పాస్‌బుక్కులో డబ్బు తరిగిపోతుంటే ఆయన్ను నిందించే ముందు మందు పేరు చూడండి. స్కాలర్‌షిప్ డబ్బుతో చదివే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

4. చేయవలసినవి

(అ) మందు మీరే ఆపకండి. లెవోడోపా హఠాత్తుగా ఆపితే తీవ్ర జ్వరం, బిగుతు, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. యాంటీసైకోటిక్ ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. మోతాదు తగ్గించడం, మందు మార్చడం డాక్టరు పని.

(ఆ) ఈ మందులు వాడేవారికి జ్వరంతోపాటు ఒళ్ళు బిగుసుకుపోయి తికమక పడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

(ఇ) నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: తేదీ, మందు, వేసిన వేళ, కనిపించిన మార్పు.

(ఈ) ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చీటీలన్నీ చూపండి. భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ రెండూ డోపమైన్‌ను అడ్డుకుంటాయి, పార్కిన్సన్ రోగికి కీడు చేస్తాయి.

(ఉ) మానసిక సమస్యలకు 2022లో మొదలైన టెలి-మానస్ ఉచిత నంబరు 14416.

పిల్లలారా, పెద్దల మాటను ఉన్నదున్నట్టు డాక్టరుగారికి చెప్పండి. సిగ్గుపడి ఒక్క మాట దాచినా లెక్క తప్పుతుంది.